శిఖయు వేణియు

స్త్రీపురుషుల దేహములకు మన సంఘము రెండు వేర్వేరు ధర్మములను విధించినదనుటకు తలవెండ్రుకల చరిత్ర యొక్కటియే చాలును.

పందొమ్మిదవ శతాబ్దమున, ముఖ్యముగా బ్రాహ్మణ కుటుంబములలో, భర్త మరణించిన స్త్రీకి శిరోముండనము చేయించుచుండిరి. బాల్యవివాహముల కాలమగుటచే పలువురు బాలికలకు భర్త మొగమైనను జ్ఞాపకముండెడిది కాదు. అట్టివారిని సయితము వయసు వచ్చిన పిమ్మట క్షురకుని యెదుట కూర్చుండబెట్టుచుండిరి. ఒప్పుకొననిది సకేశి, ఆమె వండిన యన్నము ఛాందసులకు పనికిరాదు. భార్య పోయిన పురుషుని దేహమున నట్టి శాశ్వత చిహ్న మేదియు లేదు. అతడు సంవత్సరము తిరుగకమునుపే మరల పెండ్లిపీట లెక్కవచ్చును.

విధవ జడ వేసికొన్నచో పరలోకమున భర్తకు బంధమగునని కాశీఖండమునందలి యొక శ్లోకమును ప్రమాణముగా చూపుచుండిరి. భార్య జడ భర్తను బంధించునేని, భర్త శిఖ గతించిన భార్యను బంధింపదా? ఈ ప్రశ్న ఆ పండితులకు తోపలేదు.

అంతలో ఇంగ్లీషు చదువులు వచ్చినవి. యువకులు పిలకలు తీయించి క్రాపులు పెట్టుకొనిరి. పెద్దలు కొంతకాలము గొణిగి యూరకుండిరి. శిఖ ద్విజునకు శాస్త్రవిహితము. దానిని విడిచినవాడు ఉద్యోగియు పెండ్లికుమారుడును కాగలిగెను. వితంతుముండనమునకు మనుస్మృతిలో విధియే లేదు. అయినను దానిని కాదన్న స్త్రీకి ఇంటనే చోటు కరవయ్యెను.

1856వ సంవత్సరపు శాసనము వితంతువునకు పునర్వివాహ హక్కు నిచ్చినది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. కాని వివాహము కోరని వితంతువు తన జుట్టును నిలుపుకొనుటకు ఆ శాసనము తోడ్పడలేదు. 1890లో బొంబాయి క్షురకులు సభ చేసి, ఇక వితంతువుల తలలు గొరుగబోమని నిశ్చయించుకొనిరి. కత్తి పట్టినవానికి కలిగిన జాలి, వానిని పిలిపించిన తండ్రులకు కలుగకపోయెను గదా!

ముండనమే అవమానమని నా భావము కాదు. తిరుమలలో స్త్రీలును పురుషులును తలనీలాలు సమర్పింతురు. అది వారి మ్రొక్కు, వారి యిష్టము. ఇష్టము లేనిచోట మంగళస్నానమైనను శిక్షయే.

ఆ యాచారము నేడు చాలవరకు నశించినది. దాని వెనుకనున్న బుద్ధి నశించినదా? పెండ్లిచూపులలో పిల్ల జడ పొడవును, మేనిచాయను, నడుము కొలతను పరికించెడివారు వరుని బట్టతలను, బొజ్జను పలుకరింపరు. నెరసిన జుట్టు మగవానికి అనుభవ చిహ్నమట, ఆడుదానికి అశ్రద్ధయట!

చదువరులారా, కూతురి రూపమును గూర్చి మాట పెదవి దాటకముందు అదే మాటను కొడుకుతో అనగలమా యని యొకసారి తలపోయుడు. అనలేనిచో ఆ మాట మ్రింగుటయే మేలు. ఆ పాత కత్తి యింకను మన యిండ్లలో నున్నది. నేడది నాలుకపై నున్నది.