గోదావరి మెట్టలో ఆయిల్ పామ్: నీరు, చట్టం, సుస్థిర యాజమాన్యం – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఆయిల్ పామ్ సాగు సుస్థిరతపై అంతర్జాతీయంగా జరిగిన చర్చ ప్రధానంగా అడవుల చుట్టూ తిరిగింది. ఇండోనేషియా, మలేషియా దేశాలలో వర్షారణ్యాల నరికివేత, పీట్ నేలల దహనం అందుకు కారణాలు. ఆంధ్రప్రదేశ్‌లోని పశ్చిమ గోదావరి మెట్ట ప్రాంతంలో ఈ పంట విస్తరించిన తీరు వేరు. ఇక్కడ అది ప్రధానంగా అప్పటికే సాగులో ఉన్న రైతుల భూములలో, బోరుబావుల ఆధారంగా పెరిగింది. కనుక ఇక్కడ సుస్థిరతను నిర్ణయించే అంశాలు రెండు: ఒకటి భూగర్భజలం, రెండవది రైతుకూ కర్మాగారానికీ మధ్య గల సంబంధం. ఈ రెండు అంశాలు చారిత్రకంగా రూపొందిన క్రమాన్ని, సుస్థిర యాజమాన్యంలో వాటి స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఆఫ్రికా నుండి ఆసియాకు

ఆయిల్ పామ్ జన్మస్థలం పశ్చిమ ఆఫ్రికా. అక్కడి ప్రజలు అడవి అంచులలోనూ, పొలాల మధ్యనూ సహజంగా పెరిగిన చెట్ల నుండి నూనె తీసేవారు. 1848లో జావాలోని బోగోర్ ఉద్యానవనానికి చేరిన నాలుగు మొక్కలు ఆగ్నేయాసియా తోటలకు మూలమయ్యాయి. 1911లో సుమత్రాలో, 1917లో మలయాలో వాణిజ్య తోటలు ప్రారంభమయ్యాయి. వలస పాలన కింద ఇది పెద్ద ఎస్టేట్ల పంటగా, వర్షాధార పంటగా స్థిరపడింది. ఏడాది పొడవునా వానలు కురిసే ఆ ప్రాంతాలలో నీరు పెద్ద సమస్య కాలేదు. భూమి కోసం అడవిని తొలగించడమే అక్కడ ప్రధాన సమస్య అయింది. 2004లో ఏర్పడిన సుస్థిర పామాయిల్ రౌండ్‌టేబుల్ రూపొందించిన ప్రమాణాలలో అటవీ సంరక్షణకు ప్రాముఖ్యం లభించడానికి నేపథ్యం ఇదే.

భారతదేశంలో మారిన నమూనా

భారతదేశంలోనూ తొలి పెద్ద తోటలు ఎస్టేట్ పద్ధతినే అనుసరించాయి. 1970లలో కేరళలోని కొల్లం జిల్లాలో ప్రభుత్వ రంగంలో తోటలు వేశారు. అదే దశకంలో లిటిల్ అండమాన్ దీవిలో అడవిని తొలగించి మొదలుపెట్టిన తోటలు దాదాపు 1,600 హెక్టార్ల వద్ద నిలిచిపోయాయి. పర్యావరణ కారణాలే వాటి విస్తరణకు అడ్డుపడ్డాయి.

1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ ఏర్పడిన తరువాత దృష్టి అటవీ భూముల నుండి రైతు భూములకు మళ్లింది. 1988లో కె.ఎల్. చద్దా అధ్యక్షతన ఏర్పడిన కమిటీ, నీటి వసతి గల రైతు కమతాలలో ఈ పంటకు అవకాశం ఉందని గుర్తించింది. 1991–92లో ఆయిల్ పామ్ అభివృద్ధి కార్యక్రమం మొదలైంది. 1995లో పెదవేగిలో జాతీయ ఆయిల్ పామ్ పరిశోధన కేంద్రం ఏర్పడింది. నేటి భారతీయ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ అదే. వర్షారణ్యపు పంట సన్నకారు రైతు కమతంలోకి, నీటి పారుదల కిందికి వచ్చిన ఈ మార్పు ప్రపంచ ఆయిల్ పామ్ చరిత్రలో అరుదైనది.

24 గంటల గడువు, 1993 చట్టం

ఆయిల్ పామ్ గెల కోసిన తరువాత పండ్లలోని ఎంజైముల చర్య వల్ల నూనెలో ఆమ్లత్వం పెరుగుతుంది. అందుచేత గెలలను దాదాపు 24 గంటలలోగా కర్మాగారానికి చేర్చి ఆవిరిలో ఉడికించాలి. వరిని గాదెలో, పొగాకును గిడ్డంగిలో నిల్వ ఉంచి మంచి ధర కోసం ఎదురు చూడవచ్చు. ఆయిల్ పామ్ రైతుకు ఆ వెసులుబాటు లేదు. మరోవైపు, చుట్టుపక్కల తోటల నుండి గెలలు నిలకడగా రాకపోతే కర్మాగారం నడవదు.

ఈ పరస్పర ఆధారాన్ని క్రమబద్ధం చేయడానికి ఆంధ్రప్రదేశ్ 1993లో ఆయిల్ పామ్ ఉత్పత్తి, ప్రాసెసింగ్ నియంత్రణ చట్టాన్ని చేసింది. ఈ చట్టం ప్రకారం ప్రభుత్వం ప్రతి కర్మాగారానికి ఒక పరిధిని కేటాయిస్తుంది. ఆ పరిధిలోని రైతు తన గెలలను ఆ కర్మాగారానికే ఇవ్వాలి, కర్మాగారం వాటిని కొనాలి. దీనివల్ల రైతుకు కొనుగోలు భరోసా లభించింది, కాని కొనుగోలుదారును ఎంచుకునే స్వేచ్ఛ పోయింది. అందువల్ల గెలల నుండి వచ్చే నూనె శాతాన్ని ఎలా లెక్కిస్తారన్నది సాంకేతిక విషయంగా మిగలలేదు, రైతు ఆదాయాన్ని నిర్ణయించే అంశమయింది. 2014లో రాష్ట్ర విభజన తరువాత, అశ్వారావుపేట కర్మాగారపు నూనె శాతం ఆధారంగా తమకూ ధర చెల్లించాలని ఆంధ్రప్రదేశ్ రైతులు కోరడానికి కారణం ఇదే.

నీటి లెక్క

తొమ్మిది మీటర్ల దూరంతో త్రికోణ పద్ధతిలో నాటితే హెక్టారుకు 143 మొక్కలు, అంటే ఎకరాకు దాదాపు 57 పడతాయి. కాపుకొచ్చిన చెట్టుకు రోజుకు 150 నుండి 200 లీటర్ల నీరు అవసరమని సాధారణ అంచనా. వేసవిలో అవసరం ఇంకా ఎక్కువ. 200 లీటర్ల లెక్కన ఎకరానికి రోజుకు 11 వేల లీటర్లకు పైగా కావాలి.

వరితో పోలిస్తే ఇది తక్కువేనన్న వాదన తరచుగా వినిపిస్తుంది. ఆ పోలిక బోరు కింద వరి పండించిన భూమికి సరిపోతుంది. వర్షాధార పంటలు, మామిడి, జీడిమామిడి ఉన్న భూమికి అది వర్తించదు. పంటకాలంలోనూ తేడా ఉంది. నీరు లేని ఏడు వరిమడిని బీడు పెట్టవచ్చు. 25 నుండి 30 ఏళ్లు నిలిచే పామ్ తోటను ఒక్క వేసవి కూడా విడిచిపెట్టడానికి లేదు. పైగా నీటి ఎద్దడికి గురైన చెట్టు మగ పూగుత్తులను ఎక్కువగా వేస్తుంది. పూగుత్తి ఆడదో మగదో కోతకు దాదాపు రెండేళ్ల ముందే నిర్ణయమవుతుంది కనుక, ఆ నష్టం వెంటనే కనిపించదు. ఈ ఏటి ఎండ ఫలితం ఎల్లుండి ఏటి దిగుబడిలో తేలుతుంది.

నేలకు తిరిగి ఇవ్వడం

తోట యాజమాన్యంలో నీటి పొదుపును సేంద్రియ పదార్థం నుండి విడదీయలేము. కోత సమయంలో నరికే మట్టలను తగలబెట్టకుండా వరుసల మధ్య పరిస్తే నేలలో తేమ నిలుస్తుంది, పోషకాలు తిరిగి చేరుతాయి. గెల బరువులో సుమారు అయిదో వంతు ఖాళీ గెలగానే మిగులుతుంది. పొటాషియం పుష్కలంగా ఉన్న ఈ ఖాళీ గెలలు తోటకు తిరిగి వస్తే ఎరువు ఖర్చు తగ్గుతుంది. తొలి మూడేళ్లలో కూరగాయలు, మొక్కజొన్న వంటి అంతర పంటలు, చెట్లు ఎదిగిన తరువాత వాటి నీడలో కోకో రైతుకు అదనపు ఆదాయ మార్గాలు. పామాయిల్ ధర పడిపోయిన ఏడాదిలో ఈ రెండవ పంటే కుటుంబాన్ని నిలబెడుతుంది.

2021 తరువాత

2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 11,040 కోట్ల రూపాయలతో వంటనూనెల జాతీయ మిషన్ – ఆయిల్ పామ్ పథకాన్ని ఆమోదించింది. 2025–26 నాటికి అదనంగా 6.5 లక్షల హెక్టార్లలో సాగు చేపట్టడం దీని లక్ష్యం. ముడి పామాయిల్ ధర పడిపోయినప్పుడు రైతుకు లోటు భర్తీ చేసే ధర విధానం ఇందులో మొదటిసారిగా చేరింది. దాని అవసరం ఎంతటిదో మరుసటి ఏడాదే తెలిసింది. 2022లో ఇండోనేషియా ఎగుమతి నిషేధం సమయంలో టన్ను గెలల ధర 20 వేల రూపాయలు దాటి, ఆ తరువాత బాగా పడిపోయింది. జకార్తాలో తీసుకున్న నిర్ణయం జంగారెడ్డిగూడెం రైతు ఆదాయాన్ని మార్చగలదని ఈ పరిణామం చూపింది.

ముగింపు

గోదావరి మెట్ట అనుభవం ప్రకారం ఆయిల్ పామ్ సుస్థిరత తోట గట్టు దగ్గర ఆగిపోదు. బిందు సేద్యం, మట్టల పరుపు, అంతర పంటలు రైతు చేతిలో ఉన్నవి. భూగర్భజల మట్టం గ్రామం మొత్తానికి సంబంధించినది. ధర, నూనె శాతం, సేకరణ ప్రభుత్వం, కర్మాగారాల చేతిలో ఉన్నవి. పరిధి నియమం ద్వారా రైతు స్వేచ్ఛను పరిమితం చేసిన చట్టమే, ఆ మేరకు పారదర్శకమైన ధరకు పూచీ వహించాలి. తెలంగాణ జిల్లాలకు ఈ సాగు విస్తరిస్తున్న దశలో, హెక్టార్ల లక్ష్యం కన్నా ముందు ఆ గ్రామంలో మూడు దశాబ్దాలకు సరిపడే నీరు ఉందా అన్నది తేల్చుకోవలసిన ప్రశ్న. 1990లలో మొక్క నాటిన తరం తోటలు నేడు తిరిగి నాటవలసిన వయసుకు చేరాయి. రెండవసారి నాటే ముందు ఈ లెక్క సరిచూసుకునే అవకాశం ఆ రైతులకూ, విధానకర్తలకూ లభించింది.