సెరిబ్రల్ పాల్సీ: కారణం కోసం నూరేళ్ల వెతుకులాట

ఎదుగుతున్న మెదడుకు కడుపులో ఉండగానో, కాన్పులోనో, పసితనంలోనో హాని జరిగి కదలికలు, ఒంటి నిలకడ పట్టుతప్పే స్థితి సెరిబ్రల్ పాల్సీ. మెదడుకు జరిగిన హాని ముదరదు. కానీ బిడ్డ పెరిగేకొద్దీ కండరాలు బిగిసి కీళ్లు వంకరపోవచ్చు.

దీన్ని తొలిసారి సవివరంగా వర్ణించినవాడు లండన్ వైద్యుడు విలియం జాన్ లిటిల్ (1810–1894). చిన్నతనంలో జబ్బు చేసి ఆయన పాదమే వంకరపోయింది. 1836లో జర్మనీలోని హానోవర్‌లో స్ట్రోమయర్ అనే శస్త్రవైద్యుడు చర్మం కింద సన్నని కత్తి పోనిచ్చి, మడమ వెనుక బిగుసుకున్న స్నాయువును కోసి ఆ పాదాన్ని సరిచేశాడు. లిటిల్ ఆ విద్య నేర్చుకుని లండన్‌లో అవిటి పాదాల చికిత్సకు ఆస్పత్రి నెలకొల్పాడు. ఆయన చూసిన పిల్లల్లో కొందరికి తొడలు దగ్గరకు బిగుసుకునేవి. కాళ్లు కత్తెరలా ఒకదానిమీదొకటి పడేవి. మడమ నేలకు ఆనేది కాదు. వారి పుట్టుక వివరాలు సేకరించిన లిటిల్, నెలలు నిండని కాన్పు, కష్టమైన కాన్పు, పుట్టగానే ఊపిరందకపోవడమే మూలమని 1861లో ప్రసూతి వైద్యుల సంఘం ముందు చెప్పాడు. ఈ స్థితికి ‘లిటిల్ వ్యాధి’ అన్న పేరు స్థిరపడింది. 1889లో వైద్యుడు విలియం ఆస్లర్ తన పుస్తకం శీర్షికలో ‘సెరిబ్రల్ పాల్సీ’ అన్న మాటనే వాడాడు.

మనోవిశ్లేషణతో పేరు పొందకముందు వియన్నాలో పిల్లల నరాల జబ్బులు చూసిన ఫ్రాయిడ్ 1897లో లిటిల్ వాదాన్ని తిరగేశాడు. కాన్పు కష్టం కావడానికే కడుపులోని లోపం కారణం కావచ్చన్నాడు. ఆ మాట చాలాకాలం మరుగున పడింది. 1959–66 మధ్య అమెరికాలో యాభై వేలకు పైగా గర్భాలను నమోదు చేశారు. ఆ వివరాలను పరిశీలించి 1986లో వెలువడిన ఫలితాల్లో, పుట్టేటప్పుడు ఊపిరందకపోవడం కొద్దిమంది విషయంలోనే కారణమని తేలింది. ఈలోగా పసికందుల తీవ్ర కామెర్లకు వచ్చిన చికిత్సలు, ఆ కామెర్లవల్ల వచ్చే సెరిబ్రల్ పాల్సీని బాగా తగ్గించాయి.

మాట తడబడినా, చేతులు అదుపులో లేకపోయినా తెలివి చక్కగా ఉండేవారు సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారిలో ఎందరో. అయినా చాలాకాలం బడి వీరికి అందలేదు. భారతదేశంలో వీరికోసం ప్రత్యేక బడిని మిథు అలూర్ 1970ల్లో ముంబైలో ప్రారంభించారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారి సంక్షేమానికి 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా దీన్ని వైకల్యాల జాబితాలో చేర్చింది.