ఆసుపత్రి గుమ్మము మీది సర్పము



ఈ శతవార్షికోత్సవ సంచికలో వైద్య పరిచర్యను గూర్చిన పుట పైన ఏ బొమ్మ వేయవలెనని కమిటీలో మాట వచ్చినది. ప్రెస్సు వారు పంపిన నమూనాలో రెక్కలున్న ఒక కర్ర, దానికి పెనవేసుకొన్న రెండు పాములు ఉన్నవి. మా తెలకపల్లి పెద్దాయన ఒకరు దానిని చూచి, "పాస్టరు గారూ, ఏదెనులో హవ్వను మోసము చేసినది ఇదే గదా, సంఘము పుస్తకము మీద దీనిని ఎట్లా వేస్తాము?" అన్నారు. ప్రక్కన కూర్చున్నాయన, "అట్లా కాదన్నా, ఇది మోషే ఎత్తిన ఇత్తడి సర్పము. డాక్టర్ల గుర్తు అక్కడినుండే వచ్చింది" అని జవాబు చెప్పారు. తరువాత ఇద్దరూ నా వైపు చూచారు. థియలాజికల్ కాలేజీలో గ్రీకు, హెబ్రీ అక్షరాలు దిద్దినవాడనే గాని, ఆ పూట నా నోట జవాబు రాలేదు. ఇంటికి వెళ్లి చదివి తెలిసికొన్న సంగతులను ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట ప్రెస్సు వారి బొమ్మ సంగతి. రెండు పాములు, రెక్కలు గల ఆ కర్ర వైద్యులది కానే కాదు. అది గ్రీకుల దేవతలలో హెర్మే అనువాని చేతికర్ర. లుస్త్రలో జనులు పౌలును చూచి హెర్మే అని పిలిచిన సంగతి అపొస్తలుల కార్యములలో చదువుకొన్నాము. హెర్మే దేవతల వార్తాహరుడు, మాటకారి, వర్తకులకు కావలివాడు. దొంగలు కూడా అతనికే మ్రొక్కేవారట. ఆ కర్ర వైద్యుల దుస్తుల మీదికి ఎక్కినది ఎక్కువగా అమెరికా సైన్యము వలన. 1902లో అక్కడి సైనిక వైద్య దళము దానిని తన చిహ్నముగా తీసికొన్నది. ఫ్రీడ్‌లాండర్ అను ఆయన అమెరికాలోని వైద్య సంస్థల చిహ్నాలను లెక్కించి 1992లో ఒక పుస్తకము ప్రకటించాడు. వృత్తి సంఘాలలో నూటికి 62 ఒక పాము గల కర్రను వాడుచుండగా, వ్యాపార సంస్థలలో నూటికి 76 రెండు పాముల కర్రను వాడుచున్నవట. వర్తకుల దేవుని కర్ర వర్తకుల దగ్గరకే చేరినదన్నమాట!

వైద్యులది ఒక పాము, ఒక కర్ర, రెక్కలు లేవు. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జెండాకు తీసికొన్నది దీనినే. ఇది అస్క్లేపియస్ అను గ్రీకు వైద్య దేవునిది. హోమరు కావ్యములో అతడు మంచి వైద్యుడే గాని దేవుడు కాడు. తరువాతి వారు దేవునిగా చేశారు. ఎపిదౌరులో అతని పెద్ద గుడి ఉండేది. రోగులు అక్కడికి వెళ్లి, స్నానము చేసి, బలి అర్పించి, ఒక సాలలో రాత్రి నిద్రించేవారు. కలలో దేవుడు వచ్చి మందు చెప్పునని నమ్మకము. విషము లేని పాములు ఆ ఆవరణలో తిరుగుచుండేవి. పాము కుబుసము విడిచి క్రొత్త చర్మముతో వచ్చును గనుక రోగము పోయి క్రొత్త బ్రతుకు వచ్చుటకు అది గుర్తు అని పలువురు చెప్పుదురు. మన పల్లెలలో పుట్ట దగ్గరకు పాలు తీసికొని పోవు ఇరుగుపొరుగును చూచినవారికి ఇదంత వింతగా తోచదు.

క్రీస్తుకు ముందు 3వ శతాబ్దము మొదట రోమాలో తెగులు వచ్చినప్పుడు, ఎపిదౌరు నుండి ఒక పామును ఓడలో తెచ్చారనీ, అది దిగి తీబెరు నదిలోని దీవికి ఈదిపోయినదనీ, అక్కడే గుడి కట్టారనీ రోమీయులు చెప్పుకొన్నారు. ఆ దీవి మీద 1585లో స్థాపించిన ఆసుపత్రి ఈనాటికీ నడుస్తున్నది. గుడి పోయినది, రోగులు మాత్రము అక్కడికే వస్తున్నారు.

ఈ దేవుని మరొక పెద్ద క్షేత్రము పెర్గము. ప్రకటన గ్రంథములో సాతాను సింహాసనమున్న చోటు అని చెప్పబడిన పెర్గము అదే. ఆ మాట ఈ సర్పపు గుడిని ఉద్దేశించినదని కొందరు, జ్యూస్ బలిపీఠమును గూర్చినదని కొందరు, కైసరు పూజను గూర్చినదని మరికొందరు వ్యాఖ్యానము చేశారు. నాకు కైసరు పూజయే సరియని తోచుచున్నది. ఏమైనను ఆ పట్టణములోనే గాలెను అను గొప్ప వైద్యుడు పుట్టి, అతని గ్రంథములు వెయ్యి సంవత్సరములకు పైగా వైద్యులకు పాఠములైనవి.

ఇక మోషే సంగతి. సంఖ్యాకాండము 21వ అధ్యాయములోని ఇత్తడి సర్పమునకు, గ్రీకు వైద్యుల కర్రకు సంబంధమున్నదని చూపు ఆధారము నాకు ఎక్కడా కనబడలేదు. చూచుటకు ఒక్కలాగే ఉన్నవి, అంతవరకే. అయితే ఆ అరణ్య ప్రాంతములో అటువంటి వస్తువు వింత కాదని మాత్రము తెలిసినది. 1969లో రోతెన్‌బెర్గ్ అను పురావస్తు పరిశోధకుడు ఎర్రసముద్రపు అఖాతమునకు ఉత్తరాన తిమ్నా రాగి గనుల దగ్గర త్రవ్వి, తలకు బంగారు పూత పెట్టిన చిన్న రాగి పామును కనుగొన్నాడు. అది జానెడు పొడవైనా లేదు.

మోషే చేసినది ఏమైనదో మనకు తెలుసు. ఇశ్రాయేలీయులు దానికి ధూపము వేయసాగారు. హిజ్కియా రాజు దానిని తునకలు చేయించాడు. నెహుష్టాను అను పేరులో హెబ్రీ భాషలో పాము అను మాట, ఇత్తడి అను మాట రెండూ వినబడును. దేవుడే చేయమన్న వస్తువును పగులగొట్టుటకు ఆ రాజుకు ఎంత ధైర్యము కావలసి వచ్చెనో! బల్ల మీది నూనె సీసాకు, గోడ మీది పటమునకు మ్రొక్కే అలవాటు మన యిండ్లలో లేదని చెప్పగలమా?

ఇంకొక మాట కూడా విద్వాంసులు చెప్పుదురు. హెబ్రీలో ఆ సర్పములకు వాడిన మాటకు మండించునవి అని అర్థము. అవి పాములు కావనీ, కాలిలో నుండి బయటికి వచ్చు నారి పురుగులనీ, దానిని పుల్లకు చుట్టి తీయుటయే వైద్యుల కర్రకు మూలమనీ వారి ఊహ. ఇది చదివినప్పుడు నేను పుస్తకము మూసి కాసేపు కూర్చున్నాను.

మా నాయనమ్మ ఎడమ పిక్క మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉండేది. చిన్నప్పుడు అడిగితే "నారికురుపు నాయనా" అనేది. దిగుడు బావిలో మెట్లు దిగి కడవ ముంచుకొనే రోజులవి. ఆ నీటిలోని అతి చిన్న పురుగును నీటితోపాటు మింగితే, సుమారు ఏడాదికి రెండు మూడడుగుల పురుగు కాలిలో పొక్కు లేపి తల బయటపెట్టును. నిప్పు పెట్టినట్లు మంట. ఆ మంటకు కాలు నీటిలో పెట్టినంతనే పురుగు తన పిల్లలను బావిలో వదలును. మందు లేదు. పుల్లకు చుట్టి రోజుకు అంగుళము, రెండంగుళాలు లాగవలెను. తెగినదా, కాలు చీము పట్టును. నాయనమ్మకు మూడు వారాలు పట్టినదట. ఆ వరి నాట్లకు ఆమె పోలేకపోయింది.

అయినా ఆ విద్వాంసుల ఊహను నేను పూర్తిగా ఒప్పుకోలేను. అరణ్యములో కాటు తిన్నవారు చచ్చిరని వ్రాయబడినది. నారి పురుగు మనిషిని మంచాన పడవేయును గాని చంపుట అరుదు. గ్రీకుల శిల్పములలో కనబడునది తల, పొలుసులు గల పామే.

నారికురుపును మాత్రము మన దేశము గెలిచినది. 1983-84లో ప్రభుత్వము నిర్మూలన కార్యక్రమము ఆరంభించినది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 7 రాష్ట్రాలలో ఆ వ్యాధి ఉండేది. దిగుడు బావులను చేదబావులుగా మార్చారు, బోర్లు వేసి చేతి పంపులు బిగించారు, నీటిని గుడ్డతో వడగట్టి త్రాగమని ఇంటింటికీ చెప్పారు. చివరి రోగి 1996 జూలైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో కనబడ్డాడు. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశమును ఈ వ్యాధి లేనిదిగా ప్రకటించినది. 1986లో ప్రపంచమంతటా సుమారు 35 లక్షల మందికి ఉన్న వ్యాధి 2023లో 14 మందికి తగ్గినది. ఈ పనిలో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంస్థ ముందున్నది. ఆయన తన ఊరి బాప్తిస్టు సంఘములో సండేస్కూలు చెప్పిన మనిషి.

ఇదంతా తరువాతి కమిటీ కూటములో చెప్పాను. రెక్కలు, రెండు పాములు తీసివేయుటకు అందరూ ఒప్పుకొన్నారు. "మరి ఒక పాము వేస్తే అది మోషేదా, ఆ గ్రీకు దేవునిదా?" అని పెద్దాయన అడిగారు. గ్రీకులదే అన్నాను. ఆయన పంచె కొంచెము పైకి జరిపి, తన మడమ ప్రక్కనున్న మచ్చ చూపించారు. "మా వాడకు బోరు వేసిన ఏటినుండి మా ఇంట్లో మళ్లీ ఎవరికీ ఇది రాలేదు. చేతి పంపు బొమ్మ వేయండి పాస్టరు గారూ" అన్నారు.

వైద్య పరిచర్య పుట పైన ఉన్నది ఆ పంపే.