క్షయకు మందు, క్షయకు తిండి: మద్రాసు నుంచి బిలాస్‌పూర్ దాకా ఒక పరిశోధన చరిత్ర

టీబీ మీద ప్రశ్న వస్తే మనలో చాలామంది రాసే జవాబు ఒకేలా ఉంటుంది. 1962లో జాతీయ క్షయ కార్యక్రమం, 1997లో సవరించిన కార్యక్రమం, 2018లో నిక్షయ్ పోషణ్ యోజన, 2025 నిర్మూలన లక్ష్యం. తేదీలన్నీ సరైనవే. కానీ ఆ వరుసలోనే ఒక ప్రశ్న దాగి ఉంది, దాన్ని ఎవరూ అడగరు. 1962 కార్యక్రమంలో రోగి తిండికి చోటు లేదు. 2018లో నెలకు 500 రూపాయలు తిండి కోసమే ఇస్తున్నాం. ఆ 56 ఏళ్లలో ఏం మారింది?

ఈ ప్రశ్నకు జవాబు మద్రాసులో మొదలై, ఇప్పుడు నేనుంటున్న తిఫ్రాకు దగ్గర్లోనే ఉన్న ఒక పల్లె ఆస్పత్రి మీదుగా జార్ఖండ్ దాకా వెళుతుంది. ఒక మంచి పరిశోధన నుంచి ప్రభుత్వాలు దానిలో లేని పాఠాన్ని ఎలా నేర్చుకుంటాయో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

1. మందు లేని కాలం

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని ప్రకటించాడు. ప్రపంచ క్షయ దినం ఆ రోజే. శత్రువు ఎవరో తెలిసింది గానీ చంపే మందు రావడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది. అప్పటిదాకా వైద్యం అంటే మూడే: మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి. ఈ మూడూ ఇచ్చే చోటు శానటోరియం.

మన దేశంలో ఇవి 20వ శతాబ్దం మొదట్లో వచ్చాయి. 1906లో అజ్మీర్ దగ్గర తిలోనియాలో ఒకటి మొదలైంది. తెలుగువాళ్లకు బాగా తెలిసినది మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం. 1915లో అక్కడ యూనియన్ మిషన్ శానటోరియం తెరిచారు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దాన్ని పెంచి పెద్ద చేశాడు. 1948లో దేశంలో బీసీజీ టీకా పని మొదలైంది కూడా మదనపల్లెలోనే. ప్రిలిమ్స్‌కు ఈ పాయింట్ గుర్తుంచుకోండి.

బిలాస్‌పూర్ వైపు చూస్తే, కట్నీ లైన్‌లో పెండ్రా రోడ్ దగ్గర మిషనరీల శానటోరియం ఉండేది. బెంగాల్ నాగపూర్ రైల్వే వచ్చాక బిలాస్‌పూర్ జంక్షన్ అయింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనులకు వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. గాలి మార్పు కోసం వెళ్లే రోగులు కూడా ఈ జంక్షన్‌లోనే బండి మారేవారు. రవీంద్రనాథ్ ఠాగూర్ 'ఫాంకీ' కవితలో జబ్బుపడిన భార్యతో ప్రయాణిస్తున్న భర్త బండి మారడానికి ఆగేది బిలాస్‌పూర్ స్టేషన్‌లోనే.

శానటోరియం అందరికీ అందేది కాదు. 1946 భోర్ కమిటీ అంచనా ప్రకారం దేశంలో క్షయ రోగులు సుమారు 25 లక్షలు, ఏటా చనిపోయేవాళ్లు సుమారు 5 లక్షలు. పడకలు మాత్రం 6 వేల దగ్గర ఉన్నాయి.

2. మద్రాసు అడిగిన ప్రశ్న

1943లో స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నారు. తర్వాత పాస్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాయి. ఇప్పుడు కొత్త ప్రశ్న ఎదురైంది. మందులు ఉన్నాయి, పడకలు లేవు. రోగిని ఇంట్లోనే ఉంచి మందులిస్తే నయమవుతుందా?

దీన్ని తేల్చడానికి 1956లో మద్రాసులో క్షయ కీమోథెరపీ కేంద్రం పెట్టారు. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి చేసిన పని ఇది. నగరంలోని పేద రోగులను రెండు జట్లుగా విడదీశారు. ఎవరు ఏ జట్టు అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. ఒక జట్టు ఏడాదిపాటు శానటోరియంలో ఉంది, రెండో జట్టు ఇంట్లోనే ఉంది. ఇద్దరికీ అవే మందులు.

శానటోరియంలో వాళ్లు బాగా తిన్నారు, విశ్రాంతి తీసుకున్నారు, బరువు ఎక్కువ పెరిగారు. ఇంట్లో వాళ్లు ఇరుకు గదుల్లో, చాలీచాలని తిండితో, చాలామంది పనికి వెళుతూ మందులు మింగారు. ఏడాది చివర్లో తెమడ పరీక్షలు చూస్తే ఫలితాలు దాదాపు సమానం. రోగి ఇంట్లో ఉండటం వల్ల కుటుంబానికి అదనపు ముప్పు లేదని కూడా తర్వాతి ఏళ్ల పరిశీలనలో తేలింది. 1959లో ఈ ఫలితాలు వచ్చాయి. 1961లో అదే కేంద్రం ఆహారం మీద ప్రత్యేకంగా విశ్లేషణ చేసింది. మందులు సరిగ్గా వాడితే, తిండి తక్కువైనా సూక్ష్మజీవి పోతుందని చెప్పింది.

దీని విలువను తక్కువ చేయకూడదు. ప్రపంచమంతటా శానటోరియంల కాలం ముగియడానికి మద్రాసు పెద్ద కారణం. పడక దొరకని లక్షలమంది పేదలకు వైద్యం ఇంటి గుమ్మం దాకా వచ్చింది. 1962 జాతీయ కార్యక్రమం ఈ పునాది మీదే నిలబడింది.

3. జవాబు ప్రశ్నను దాటిపోయింది

మద్రాసు అడిగింది ఒక్కటే: మందులు సక్రమంగా అందుతున్న రోగికి, మంచి తిండి లేకపోయినా సూక్ష్మజీవి పోతుందా? జవాబు: పోతుంది.

విధానం రాసినవాళ్లు విన్నది వేరు: క్షయలో తిండి ముఖ్యం కాదు.

ఈ రెండు వాక్యాల మధ్య చాలా దూరం ఉంది. సూక్ష్మజీవి సోకినవాళ్లలో ఎక్కువమందికి జీవితాంతం జబ్బు రాదు. మరి కొందరికే ఎందుకు వస్తుంది? బాగా చిక్కిపోయి ఆస్పత్రికి వచ్చినవాళ్లు మొదటి వారాల్లోనే ఎందుకు చనిపోతారు? రోగి ఇంట్లో తర్వాత మంచం పట్టేది ఎవరు, దాన్ని తిండి ఆపగలదా? మద్రాసు ఈ ప్రశ్నలు అడగలేదు. అడగాల్సిన అవసరం ఆ అధ్యయనానికి లేదు కూడా. కానీ అడగని ప్రశ్నలకు కూడా జవాబు దొరికినట్టే దశాబ్దాలు గడిచిపోయాయి. 1997లో డాట్స్ పద్ధతి వచ్చినప్పుడు కూడా లెక్కలన్నీ మాత్రలు, తెమడ పరీక్షల చుట్టూనే తిరిగాయి.

వ్యతిరేక సాక్ష్యం అప్పటికే ఉంది. ఇంగ్లండ్‌లో మందులు రాకముందే క్షయ మరణాలు బాగా తగ్గాయని థామస్ మెక్‌కియోన్ చూపించాడు. కారణం తిండి మెరుగుపడటమేనని ఆయన వాదం. పారిశుద్ధ్యం, గృహ వసతి పాత్రపై చరిత్రకారులు ఆయనతో వాదించారు. జీఎస్‌లో రాసేటప్పుడు రెండు వైపులా చెప్పండి.

4. గనియారిలో తూకం

బిలాస్‌పూర్ నుంచి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో గనియారి ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదువుకున్న కొందరు డాక్టర్లు 1996లో జన స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థను నమోదు చేశారు. నీటిపారుదల శాఖ వదిలేసిన పాత భవనాల్లో ఆస్పత్రి పెట్టారు. యోగేశ్ జైన్, రమణ్ కటారియా, అనురాగ్ భార్గవ, బిశ్వరూప్ చటర్జీ వంటివారు అందులో ఉన్నారు. రైల్వే కాలనీలో ఉన్న ఉద్యోగికి రైల్వే ఆస్పత్రి ఉంది. అచానక్‌మార్ అడవి పల్లెల్లోని గోండు, బైగా కుటుంబాలకు అలాంటిదేమీ లేదు. వాళ్లు గనియారికి వచ్చారు.

ఇక్కడ డాక్టర్లు చేసిన పని చూడటానికి చాలా మామూలుది. వచ్చిన ప్రతి క్షయ రోగి బరువు, ఎత్తు రాసుకున్నారు. 2004 నుంచి 2009 దాకా ఊపిరితిత్తుల క్షయతో వచ్చిన 1,695 మంది పెద్దవాళ్ల లెక్క 2013లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చింది.

మగవాళ్ల మధ్యగత బరువు 42.1 కిలోలు. ఆడవాళ్లది 34.1 కిలోలు. మధ్యగతం అంటే సగంమంది అంతకన్నా తక్కువే ఉన్నారని అర్థం. పెళ్లయి పిల్లలున్న ఒక స్త్రీ 34 కిలోలు! బీఎంఐ 18.5 కన్నా తక్కువైతే పోషకాహార లోపం. ఇక్కడ 80 శాతం ఆడవాళ్లకు, 67 శాతం మగవాళ్లకు అది 17 కన్నా తక్కువగా ఉంది. తీవ్రంగా చిక్కిపోయినవాళ్లకు చావు ముప్పు సుమారు రెండింతలు. చికిత్స పూర్తయ్యాక కూడా ఎక్కువమంది బక్కగానే మిగిలారు. సూక్ష్మజీవి పోయింది, ఆకలి పోలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం సహజం. క్షయే మనిషిని చిక్కిస్తుంది కదా, బరువు తగ్గడం జబ్బుకు ఫలితమేమో, కారణం కాదేమో? దీనికి అదే అధ్యయనంలో ఒక అంకె పాక్షికంగా జవాబిస్తుంది. రోగుల్లో 52 శాతం మందికి ఎదుగుదల లోపం ఉంది, అంటే ఎత్తు తక్కువ. పెద్దయ్యాక వచ్చిన జబ్బు బరువు తగ్గిస్తుంది గానీ ఎత్తు తగ్గించదు. ఆ పొట్టితనం చిన్నప్పటి ఆకలి గుర్తు. జబ్బుకన్నా ఆకలే ముందు వచ్చింది. ఆ సంస్థ ఆరు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు ఊళ్లలో 'ఫుల్వారీ' అనే పగటి సంరక్షణ కేంద్రాలు నడపడంలోని తర్కం ఇదే.

5. జార్ఖండ్‌లో పరీక్ష

సంబంధం ఉందని చూపడం వేరు, కారణమని రుజువు చేయడం వేరు. రుజువు కోసం అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ నాయకత్వంలో జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో 'రేషన్స్' అనే ప్రయోగం 2019 నుంచి 2022 దాకా జరిగింది. 2,800 మంది రోగులు, వాళ్ల ఇళ్లలోని 10,345 మంది కుటుంబసభ్యులు ఇందులో ఉన్నారు.

రోగులందరికీ నెలకు 10 కిలోల సరుకులు ఇచ్చారు: బియ్యం, పప్పు, పాలపొడి, నూనె. కుటుంబసభ్యుల విషయంలో మాత్రం రెండు జట్లు చేశారు. ఒక జట్టులో మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు అదనంగా అందాయి. రెండో జట్టుకు అందలేదు. 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికల్లో ఫలితాలు వచ్చాయి. సరుకులు అందిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. ఇతరులకు అంటుకునే రకం 48 శాతం తగ్గింది. రోగుల్లో మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్లకు చావు ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది.

మద్రాసు కేంద్రమే ఇప్పుడు చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ. జార్ఖండ్ ప్రయోగంలో ఆ సంస్థ కూడా భాగస్వామి. 1950ల్లో మందు గురించి అడిగిన సంస్థ, అరవై ఏళ్ల తర్వాత తిండి గురించి అడిగింది. మొదటి జవాబు తప్పు కాలేదు. దాని పక్కన రెండో జవాబు చేరింది, అంతే.

6. విధానం ఎంతదాకా వచ్చింది

2017లో కేంద్రం క్షయ రోగుల పోషణపై మార్గదర్శకాలు ఇచ్చింది. 2018 ఏప్రిల్‌లో నిక్షయ్ పోషణ్ యోజన నెలకు 500 రూపాయలతో మొదలైంది. 2022 సెప్టెంబరులో టీబీ ముక్త్ భారత్ అభియాన్, దానితో సరుకులు ఇచ్చే నిక్షయ్ మిత్రలు వచ్చారు. 2024 నవంబరు నుంచి సాయం 1,000 రూపాయలైంది. బీఎంఐ 18.5 కన్నా తక్కువ ఉన్న రోగులకు మొదటి రెండు నెలలు అదనపు పోషకాహారం ఇవ్వాలని, అభియాన్ సాయాన్ని కుటుంబసభ్యులకూ విస్తరించాలని నిర్ణయించారు.

రెండు లోటులు కనిపిస్తాయి. మొదటిది, నగదు రోగి పేర వస్తుంది, కానీ వంట ఇంటిల్లిపాదికీ అవుతుంది. జార్ఖండ్‌లో ఫలితం ఇచ్చింది ఇంట్లో ప్రతి మనిషికీ అందిన సరుకు. కుటుంబసభ్యుల భాగం దాతల మీద ఆధారపడినంతకాలం అది హక్కు కాదు. రెండోది పప్పు. ఛత్తీస్‌గఢ్ 2012లోనే, కేంద్రం కన్నా ఒక ఏడాది ముందు, ఆహార భద్రతా చట్టం చేసింది. అయినా దేశమంతటా చౌక దుకాణం అంటే ప్రధానంగా బియ్యం, గోధుమలే. బియ్యంతో కడుపు నిండుతుంది గానీ ప్రోటీన్ లోటు తీరదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం, భారత్‌లో లక్ష జనాభాకు కొత్త కేసులు 2015లో 237 ఉంటే 2023లో 195. తగ్గుదల 17.7 శాతం. 2025 కోసం పెట్టుకున్న లక్ష్యం 80 శాతం. ఈ దూరాన్ని మాత్రలు ఒక్కటే పూడ్చలేవని గనియారి తూకం 2013లోనే చెప్పింది.

జవాబులో ఎలా వాడాలి

జీఎస్‌లో ఆరోగ్యం, ఆహార భద్రత, గిరిజన సంక్షేమం మూడింటికీ ఈ ఉదాహరణ పనికొస్తుంది. మద్రాసును విలన్‌గా, గనియారిని హీరోగా రాయకండి. అలా రాస్తే విశ్లేషణ పోయి కథ మిగులుతుంది. మూడు మెట్లుగా రాయండి: అధ్యయనం ఏ ప్రశ్న అడిగింది, ఏ జవాబు ఇచ్చింది, ప్రభుత్వం ఆ జవాబును ఎంతదాకా సాగదీసింది. ఏ కమిటీ నివేదికకైనా ఇదే కొలత పనిచేస్తుంది.

ప్రాక్టీస్ ప్రశ్న: "క్షయ నిర్మూలనలో పోషకాహారం చికిత్సకు అనుబంధమా, చికిత్సలో భాగమా? స్వాతంత్ర్యానంతర భారత అనుభవం ఆధారంగా చర్చించండి." 250 పదాలు, 15 మార్కులు. పుస్తకం మూసి రాయండి. 34.1 అనే అంకెను వాడితే, అది సగటు కాదు, మధ్యగతం అని మరిచిపోకండి.