అట్టకెక్కిన నానబాలు

నరసన్నపేటలో నానబాలు మొక్క కోసం వెతకనక్కర్లేదు. సిమెంటు రోడ్డు బీటల్లో, గోడల వారన, పొలం గట్ల మీద ఎక్కడ చూసినా అదే. తుంచితే తెల్లటి పాలు కారతాయి. ఇలా కాళ్ల కింద నలిగే మొక్కల్నీ ఏరి, ఆరబెట్టి, అట్టకు అతికించి తరాల తరబడి దాచే చోట్లున్నాయి. అవే హెర్బేరియాలు.

ఈ పద్ధతి 16వ శతాబ్దంలో ఇటలీలో మొదలైంది. పీసాలో లూకా గినీ అనే వైద్యాచార్యుడు మొక్కల్ని కాగితాల మధ్య అదిమి ఆరబెట్టడం శిష్యులకు నేర్పాడు. అప్పట్లో వాటిని పుస్తకంగా కుట్టేసేవారు. 18వ శతాబ్దంలో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ వాటిని విడి కాగితాలుగా బీరువాలో పెట్టాడు. కొత్త మొక్క దొరికితే దాని కుటుంబం పక్కన చేర్చడం సులువైంది.

లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ 1768లో తమిళనాడులోని తరంగంబాడి వచ్చి కోరమాండల్ తీరంలో మొక్కలు సేకరించాడు. 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆయన స్నేహితుడు రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి, ఇక్కడి చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు, తెలుగు పేర్లు రాసుకున్నాడు. 1787 తుపాను వరదలో ఆయన సేకరణ కొట్టుకుపోయింది. మళ్లీ మొదటి నుంచి కూడబెట్టాడు.

నానబాలు జాతిని అట్టకెక్కించాలంటే ఓపిక కావాలి. వేరుతో సహా పెకలించి, మన్ను దులిపి, పాత పేపర్ల మధ్య పరిచి బరువు పెట్టాలి. పాలు కాగితానికి అంటుకుంటాయి కాబట్టి పేపర్లు మారుస్తూ ఉండాలి. మొక్క చిన్నది కనుక ఒకే అట్ట మీద నాలుగైదు పడతాయి. రాలిన కాయల్ని, గింజల్ని చిన్న పొట్లంలో కట్టి పక్కనే అతికిస్తారు. అసలు గుట్టు ఆ పొట్లంలోనే ఉంటుంది. ఈ జాతిలో నేలబారుగా పాకే రెండు రకాలు పైకి ఒకేలా కనిపిస్తాయి. భూతద్దం పెట్టి కాయ చూస్తే యూఫోర్బియా ప్రోస్ట్రాటాకు నూగు అంచుల వెంటే ఉంటుంది, యూఫోర్బియా థైమిఫోలియాకు కాయంతా ఉంటుంది.

మొక్క దొరికిన చోటు రాసి అట్ట మీద అంటించే చీటీ కూడా జాగ్రత్తగా చదవాలి. 1936లో ఒడిశా ఏర్పడేదాకా నరసన్నపేట గంజాం జిల్లాలో ఉండేది. ఇప్పుడది ఉన్న శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది. పాత చీటీ మీద ‘గంజాం’ అని మాత్రమే ఉంటే, ఆ మొక్క ఇప్పటి ఒడిశాదో, మన వంశధార ఒడ్డుదో తేల్చలేం. ఊరి పేరు కూడా రాసి ఉంటేనే తేలుతుంది.

నానబాలు సొంత ఊరు అమెరికా ఖండంలోని ఉష్ణప్రాంతం. కానీ 1753లో లిన్నేయస్ దానికి యూఫోర్బియా హిర్టా అని పేరు పెట్టి, ఇండియా మొక్కగానే రాశాడు. అప్పటికే అది ఇక్కడ పాతుకుపోయి ఉండాలి. వలస వచ్చిన మొక్క ఏ ఊరికి ఎప్పుడు చేరిందో చెప్పగలిగేది తేదీ, చోటు రాసిన అట్టే. నరసన్నపేటలో ఇవాళ ఒక కాలేజీ విద్యార్థి ఆ రెండూ రాసి ఒక్క నానబాలు మొక్కను దాచినా అది సాక్ష్యమే. పిచ్చిమొక్కే కదా అని వదిలేస్తే, రేపు కొత్తగా వచ్చిన రకం ఏదో, పాతది ఏదో చెప్పే ఆధారం ఉండదు.