డబ్బా మీది తేదీ ఎవరి వేసవిది?

మన ప్రబంధాల్లో కాటుక కళ్ళ వర్ణనలకి కొదవలేదు. ఆ కాటుక పట్టిందెవరో, అది ఎన్నాళ్ళు నిలవుంటుందో మాత్రం కవులకి పట్టలేదు. సాహిత్యంలో పరిశోధన చేసిన నేను కూడా ఏళ్ళ తరబడి చదివింది ఆ కళ్ళ గురించే. ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లించి, పట్టిన మసిని నేతిలో రంగరించిన ఆడవాళ్ళకి దాని ఆయుష్షు తెలుసు. కొంచెం కొంచెంగా చేసుకునేవాళ్ళు. కనరు వాసన వస్తే పారేసేవాళ్ళు. ముక్కు, వేలు, అనుభవం. అవే వాళ్ళ కొలమానాలు.

కాటుక కంపెనీ సరుకయ్యాక ఆ ముక్కు స్థానంలోకి ఒక తేదీ వచ్చింది. అది ఎలా పుట్టిందో వెతుకుతూ నేను రసాయనశాస్త్ర చరిత్రలోకి వెళ్ళాను.

విచిత్రంగా ఆ చరిత్ర కూడా వంటింటి సరుకుతోనే ముడిపడి ఉంది. 1850లో జర్మనీలో విల్హెల్మీ, ఆమ్లంలో పంచదార ఎంత వేగంగా విడిపోతుందో కొలిచాడు. 1889లో స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ అదే పంచదార చర్యని తీసుకుని, వేడి పెరిగితే వేగం ఎలా పెరుగుతుందో సమీకరణంగా రాశాడు. ఈ వరసలో ఒక స్త్రీ కూడా ఉంది. 1913లో బెర్లిన్‌లో కెనడా డాక్టరు మాడ్ మెంటెన్, మిఖాయెలిస్‌తో కలిసి పంచదారని విడగొట్టే ఎంజైము వేగానికి సూత్రం ఇచ్చింది.

రెండేళ్ళు ఆగి చూసే ఓపిక కంపెనీలకి ఉండదు. అందుకని క్రీముని 40 డిగ్రీల దగ్గర కొన్ని నెలలుంచి, అందులోని నూనెలు, రంగులు, విటమిన్లు ఎంత త్వరగా చెడుతున్నాయో కొలుస్తారు. దాన్నిబట్టి 25 డిగ్రీల దగ్గర ఎన్నాళ్ళు నిలుస్తుందో లెక్కగడతారు. 10 డిగ్రీలకి వేగం రెట్టింపవుతుందన్న మోటు లెక్క ప్రకారం, 40 దగ్గర 3 నెలలు 25 దగ్గర ఎనిమిదిన్నర నెలలతో సమానం. అదే లెక్కని తిరగేస్తే? 25 దగ్గర రెండేళ్ళు నిలిచేది 35 దగ్గర ఏడాదే నిలుస్తుంది. రామగుండం వేసవిలో, రేకుల ఇంట్లో అద్దం పక్కనున్న డబ్బా సంగతేమిటి?

ఈ లెక్కకి హద్దులూ ఉన్నాయి. వేడికి క్రీము విరిగి నూనె, నీరు వేరైతే ఆ సమీకరణం పనిచేయదు. వేలితోపాటు లోపలికెళ్ళే సూక్ష్మజీవులకి వేరే పరీక్ష కావాలి. కలుషితమైన మస్కారా వల్ల నల్లగుడ్డు మీద పుండ్లు పడ్డ అమెరికన్ స్త్రీల గురించి 1977లో వైద్యులు రాశారు.

చట్టం కూడా ఒక స్త్రీ కళ్ళు పోయాకే కళ్ళు తెరిచింది. 1933లో అమెరికాలో లాష్ లూర్ అనే కనురెప్పల రంగు ఆమె చూపు తీసింది. అది నిలవ సమస్య కాదు, రంగులోని రసాయనం చేసిన పని. కానీ ఆ సరుకుని బజారునుంచి తీయించే అధికారం అప్పటి ప్రభుత్వానికి లేదు. ప్రభుత్వ ఆహార ఔషధ సంస్థలో పనిచేసిన రూత్ లాంబ్ 1936లో ఇలాంటి ఉదంతాలతో పుస్తకం రాసింది. మహిళా సంఘాలు పట్టుబట్టాయి. 1938లో చట్టం వచ్చింది. అయినా సౌందర్య సాధనాల మీద గడువు తేదీ ఉండాలని అక్కడి ఫెడరల్ చట్టం ఈనాటికీ అడగదు. యూరప్‌లో 30 నెలలకి మించి నిలిచే వాటి మీద, మూత తీశాక ఎన్ని నెలలు వాడొచ్చో 2005 నుంచి చెప్పాల్సి వచ్చింది. మన 1940 నాటి ఔషధాల చట్టంలోకి సౌందర్య సాధనాలు చేరింది 1962 సవరణతో. 2020 నిబంధనలు గడువు తేదీ అడుగుతున్నాయి.

సైన్సు వద్దని నేననడం లేదు. ముక్కుకి అందని చెడుని కూడా ఆ సమీకరణం ముందే పసిగడుతుంది. కానీ ఏ సమీకరణమైనా కొన్ని ఊహల మీద నిలబడుతుంది. ఎంత వేడిలో, ఎలాంటి ఇంట్లో, ఎందరు వేళ్ళు పెట్టే డబ్బాని ఊహించి ఈ తేదీ వేశారు? ఆ వివరం కూడా తేదీ పక్కనే ఉండాలని మనం అడగాలి.