1993లో 9,500 రూపాయలు: ఇన్ఫోసిస్ రీల్ చెప్పని సగం కథ

ఈ రీల్ మీ ఫీడ్‌లో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. 1993లో ఇన్ఫోసిస్‌లో 9,500 రూపాయలు పెట్టి మర్చిపోయుంటే ఈరోజు కోటీశ్వరులట. లెక్క కరెక్టే. ఆ "మర్చిపోయుంటే" అన్న మాటతోనే నాకు పేచీ.

1993 ఫిబ్రవరిలో ఐపీఓ. షేరు 95 రూపాయలు. జనం ఎగబడ్డారనుకుంటున్నారా? ఇష్యూ పూర్తిగా నిండనే లేదండి. హర్షద్ మెహతా కుంభకోణం బయటపడి అప్పటికి ఏడాది కూడా కాలేదు. పైగా ఫ్యాక్టరీ లేదు, మెషిన్లు లేవు, ఏం చూసి డబ్బులివ్వాలి? మోర్గాన్ స్టాన్లీ ముందుకొచ్చి అదే రేటుకు 13 శాతం వాటా తీసుకుంది. జూన్‌లో షేరు 145 దగ్గర లిస్ట్ అయింది. నాలుగు నెలల్లో యాభై శాతం లాభం! ఆ రోజే అమ్మేసుకున్నవాళ్లను మనం తప్పు పట్టగలమా?

అమ్మకుండా 100 షేర్లు ఉంచుకున్నవాళ్ల సంగతి చూద్దాం. 1994, 1997, 1999లో ఒకటికి ఒకటి బోనస్, అంటే 800. తర్వాత 10 రూపాయల ముఖ విలువను 5కి చీల్చారు, 1,600. 2004లో ఒకటికి మూడు, 6,400. ఆ తర్వాత 2006, 2014, 2015, 2018లో మళ్లీ ఒకటికి ఒకటి. మొత్తం 1,02,400 షేర్లు. షేరు 1,500 అనుకున్నా 15 కోట్లు దాటుతుంది, డివిడెండ్లు కాకుండానే. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి. బోనస్ వల్ల డబ్బు పుట్టదు. షేర్లు రెట్టింపైతే రేటు సగమవుతుంది. ఆ సగం రేటు మళ్లీ పైకి లేచిందంటే, కంపెనీ లాభాలు నిజంగా పెరగబట్టే.

రీల్‌లో లేనిది దారి. 2000 మార్చిలో డాట్‌కామ్ జోరులో ఆకాశానికెళ్లిన షేరు, మరుసటి ఏడాదికి నాలుగింట మూడొంతులకు పైగా పడిపోయింది. అంటే కాగితం మీద కోటి ఉన్నవాళ్లకు పాతిక లక్షలు కూడా మిగల్లేదు. 2003 ఏప్రిల్ 10న, రాబోయే ఏడాది అంచనాలు తక్కువగా ఉన్నాయని తేలగానే, ఒక్కరోజులో నాలుగో వంతుకు పైగా పోయింది. 2013 ఏప్రిల్‌లో ఇంకోసారి, ఒక్కరోజే 20 శాతానికి పైగా. ప్రతిసారీ ఇంట్లోవాళ్లు "ఇంకా ఎందుకు పట్టుకున్నావ్, అమ్మెయ్" అనే ఉంటారు!

సరే, ఓపిక పడితే చాలా? అదే కాలంలో మన హైదరాబాద్‌లో ఇంకో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. సత్యం. 1987లో మొదలైంది, 1990ల మొదట్లోనే పబ్లిక్ ఇష్యూకి వచ్చింది, న్యూయార్క్‌లో కూడా లిస్ట్ అయింది. దాన్ని నమ్ముకుని కూర్చున్నవాళ్ల ఓపిక ఇన్ఫోసిస్ వాళ్ల ఓపిక కంటే ఏమీ తక్కువ కాదు. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ వచ్చింది. లెక్కల్లో చూపించిన నగదులోనే 5,040 కోట్లు లేనివి. ముందురోజు 179 దగ్గరున్న షేరు సాయంత్రానికి 40.

దొంగ లెక్కలు బయటివాళ్లకు ఎలా తెలుస్తాయి అంటారు. నిజమే, ఆడిటర్లే పట్టుకోలేదు. కానీ ఒక అంకె మాత్రం అందరి కళ్ల ముందే ఉంది. 2001లో 25 శాతానికి పైనున్న ప్రమోటర్ల వాటా 2008 మార్చికి 9 శాతం లోపుకి వచ్చేసింది. 2008 డిసెంబర్‌లో అదే కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను (సత్యాన్ని ఇంగ్లిష్‌లో తిరగేసి రాస్తే మేటాస్!) 160 కోట్ల డాలర్లకు కొంటామన్నారు. ఇన్వెస్టర్లు గొడవ చేస్తే గంటల్లోనే వెనక్కి తీసుకున్నారు. లేఖకు ఇంకా మూడు వారాల టైముంది. ఓపికతో పాటు కాస్త కళ్లు తెరిచి ఉన్నవాళ్లు బయటపడటానికి ఆ మూడు వారాలు ఉన్నాయి, అప్పటికే పడిన రేటుకైనా సరే.

మిగిలినవాళ్లకు 2013లో విలీనం అయ్యాక దక్కింది, 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు.

అన్నట్టు, నిజంగానే "మర్చిపోయిన"వాళ్ల మాట. వరుసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోకపోతే ఆ షేర్లు ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి వెళ్లిపోతాయి. మీ తాతగారి బీరువాలో పాత షేర్ సర్టిఫికెట్లు ఏమైనా ఉంటే ఐఈపీఎఫ్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి వెతకండి. సరైన పత్రాలు పెడితే వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ క్లెయిమ్ ఎలా వేయాలో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం.